ట్యాగులు సరిచేస్తుంటే డిజైన్ ఎందుకు చెదిరిపోతుంది?

మీ సమస్య నాకు అర్థమైనంతలో ఇది. ఒక సంస్థ వార్షిక నివేదిక, 24 పేజీలు, ఇన్‌డిజైన్ అనే లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లో చేసింది. ప్రింటు అయిపోయింది. ఇప్పుడు చూపులేనివాళ్లు, తెరమీదున్నది పైకి చదివే స్క్రీన్ రీడర్‌తో చదువుకునేలా యాక్సెసిబుల్ పీడీఎఫ్ కావాలన్నారు. ప్రింటుకిచ్చిన పీడీఎఫ్‌నే మీరు పీడీఎఫ్‌లను దిద్దే అక్రోబాట్‌లో తెరిచి, రీడింగ్ ఆర్డర్ టూల్‌తో వరస సరిచేస్తూ వెళ్లారు. మూడో పేజీలో నీలం పట్టీ మీదున్న తెల్ల హెడ్డింగ్ మాయమైంది. ఏడో పేజీలో గుండ్రంగా ఉన్న ఫొటో చతురస్రంగా బయటపడింది. నీడలున్న ఫొటోల మీద సన్నటి తెల్ల గీతలు కనిపిస్తున్నాయి. తెలుగు ముందుమాటలో ఒక్క అక్షరం దిద్దబోతే వత్తులన్నీ ఊడి పక్కకొచ్చాయి. ఏది హెడ్డింగ్, ఏది పేరా అని స్క్రీన్ రీడర్‌కు చెప్పే ట్యాగులు పెడితే డిజైన్ వదులుకోవాల్సిందేనా అని అడిగారు.

అక్కర్లేదు. అయితే ఇవి నాలుగూ ఒకే జబ్బు కాదు, ఒకే మందుతో తగ్గవు. మొదటిదాని దగ్గర ఎక్కువసేపు ఉంటాను. నా దగ్గరికి వచ్చే పాడైన ఫైళ్లలో చాలావరకు అక్కడే పాడవుతాయి.

దానికంటే ముందు, తెరిచి ఉన్న ఫైలును సేవ్ చేయకుండా మూసేయండి. చెడకముందు కాపీని వేరే పేరుతో పక్కన పెట్టుకోండి. ఇకపై రెండు మూడు పేజీలకోసారి కొత్త నంబరుతో సేవ్ చేసుకుంటూ వెళ్లండి. ట్యాగుల పనిలో అన్‌డూ అన్నిచోట్లా నమ్మదగ్గది కాదు, పాత వెర్షన్లలో మరీను. ఈ అలవాటు నాకు ముందుచూపుతో రాలేదు. ఒక బ్రోషర్‌ను రాత్రంతా కూర్చుని మొదటినుంచి మళ్లీ చేశాక వచ్చింది.

ఇక మాయమైన హెడ్డింగ్. షాపు బోర్డు రాసే ఆర్టిస్టును చూసే ఉంటారు. ముందు బోర్డంతా నీలం కొడతాడు. అది ఆరాక తెల్ల అక్షరాలు రాస్తాడు. అక్షరాలు రాసేశాక ఎవరైనా వెళ్లి మళ్లీ నీలం కొడితే? అక్షరాలు బోర్డు మీదే ఉంటాయి, కనిపించవంతే. పీడీఎఫ్ పేజీ తెరమీద తయారయ్యే తీరు కూడా ఇదే. ఫైల్లో ఏది ముందు రాసి ఉంటే అది ముందు పూస్తుంది, తర్వాత వచ్చింది దాని మీద పడుతుంది. దీన్ని కంటెంట్ ఆర్డర్ అంటారు. నేను మాత్రం పూత వరస అంటాను, పని నేర్చుకునే పిల్లలకు అలా చెప్తేనే గుర్తుంటుంది.

ట్యాగులు దీనికి పూర్తిగా వేరు. 2001లో అక్రోబాట్ 5తో పాటు వచ్చిన పీడీఎఫ్ 1.4లో ట్యాగ్డ్ పీడీఎఫ్ మొదలైంది. పేజీ బొమ్మ ఒకచోట ఉంటుంది, ట్యాగుల చెట్టు ఇంకోచోట ఉంటుంది. చెట్టులోని ప్రతి కొమ్మ పేజీలోని ఒక ముక్కను నంబరుతో చూపిస్తుంది. కొమ్మల వరస మార్చినంత మాత్రాన పేజీ మీద చుక్క కూడా కదలదు. స్క్రీన్ రీడర్లు, అంటే ఎన్‌వీడీఏ, జాస్ లాంటివి, చదివేది ఈ చెట్టు వరసనే. యాక్సెసిబుల్ పీడీఎఫ్ ఎలా ఉండాలో చెప్పే పీడీఎఫ్ యూఏ ప్రమాణం 2012లో వచ్చింది. అది అడిగేది కూడా ట్యాగుల్లో అర్థవంతమైన వరస ఉండాలనే.

మరి తేడా ఎక్కడ కొట్టింది? రీడింగ్ ఆర్డర్ టూల్‌తో పాటు మీరు ముట్టుకున్న ఆర్డర్ ప్యానెల్ చూపించేది చెట్టును కాదు, పూత వరసను. అందులో ఒక పెట్టెను పైకో కిందికో లాగారంటే బోర్డు మళ్లీ పూస్తున్నట్టే. హెడ్డింగ్ ముందు చదవాలని దాన్ని లిస్టులో పైకి లాగారు. ముందు హెడ్డింగ్ రాసి, ఆ తర్వాత దాని మీద నీలం పట్టీ పూసేసింది. రీడింగ్ ఆర్డర్ టూల్‌లో గడి గీసి బ్యాక్‌గ్రౌండ్ బటన్ నొక్కినా పూత వరస మారిపోయే ప్రమాదం ఉంది. ఆ టూల్ చెడ్డదని కాదు. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలుండే సర్క్యులర్‌కు అది హాయిగా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ ఒకదాని మీద ఒకటి పడేది ఏమీ ఉండదు. పొరలు పొరలుగా డిజైన్ చేసిన పేజీలో మాత్రం నేను దాన్ని ముట్టుకోను. నా కింద పనిచేసేవాళ్లనూ ముట్టుకోనివ్వను.

ఇప్పుడు హెడ్డింగ్‌ను వెనక్కి తెచ్చుకోవడం ఎలాగో చూద్దాం. ముందు అది నిజంగా ఉందో లేదో తేల్చుకోవాలి. మామూలు సెలెక్షన్ టూల్‌తో ఆ పేజీలో కంట్రోల్ ఏ నొక్కండి. హెడ్డింగ్ ఉండాల్సిన చోట నీలిరంగు మెరుపు కనిపిస్తే అక్షరాలు బతికే ఉన్నాయి, దేనికిందో దాక్కున్నాయి. ఇంకో అవకాశం కూడా ఉంది. పట్టీయే పోయి, తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు మిగిలి ఉండొచ్చు. ట్యాగ్స్ ప్యానెల్లో ఒక ట్యాగును డిలీట్ చేస్తే ట్యాగు మాత్రమే పోతుంది. అదే కంటెంట్ ప్యానెల్లో ఒక ముక్కను డిలీట్ చేస్తే పేజీ మీద బొమ్మే పోతుంది. రెండు ప్యానెళ్లూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి కాబట్టి ఈ పొరపాటు ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా చేస్తారు.

దాక్కున్నదైతే కంటెంట్ ప్యానెల్ తెరవండి. దాని మెనూలో హైలైట్ కంటెంట్ ఆన్ చేస్తే మీరు క్లిక్ చేసిన ముక్క చుట్టూ పేజీలో గడి కనిపిస్తుంది. లిస్టులో ఆ పేజీ పేరు కింద కంటెయినర్లు, అంటే ముక్కలను పట్టి ఉంచే డబ్బాలు, వరసగా ఉంటాయి. లిస్టులో పైనున్నది పేజీలో అడుగున ఉంటుందని ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నీలం పట్టీ ఉన్న కంటెయినర్‌ను పట్టుకుని ఆ పేజీ లిస్టులో అన్నిటికంటే పైకి లాగండి. హెడ్డింగ్ తేలుతుంది. కంటెయినర్ మొత్తాన్నే లాగాలి, లోపలున్న పాత్‌ను, అంటే ఆకారపు గీతను, ఒక్కదాన్నే బయటికి లాగకూడదు. ఎందుకో రెండో సమస్యలో చెప్తాను.

పట్టీ లాంటి అలంకారాలను స్క్రీన్ రీడర్ చదవకుండా ఆర్టిఫ్యాక్ట్, అంటే చదవక్కర్లేని అలంకారం, అని ముద్ర వేయాలి కదా, అది కూడా పూత వరస కదలకుండా చేయొచ్చు. పట్టీకి ట్యాగ్ ఉంటే, దాన్ని పేజీలో ఎంచుకుని ట్యాగ్స్ ప్యానెల్ మెనూలో ఫైండ్ ట్యాగ్ ఫ్రమ్ సెలెక్షన్ నొక్కండి. దొరికిన ట్యాగ్ మీద రైట్ క్లిక్ చేసి చేంజ్ ట్యాగ్ టు ఆర్టిఫ్యాక్ట్ అనండి. ముక్క ఉన్నచోటే ఉంటుంది, దానిమీద ఉన్న ముద్ర మాత్రమే మారుతుంది. అసలు ట్యాగే లేని ముక్కలకు కంటెంట్ ప్యానెల్లో రైట్ క్లిక్ చేసి క్రియేట్ ఆర్టిఫ్యాక్ట్ వాడండి. చదివే వరస మార్చాలంటే ట్యాగ్స్ ప్యానెల్లోనే ట్యాగులను లాగండి. ఇలా చేస్తే మీ 24 పేజీల్లో పూత వరసను ముట్టుకోవాల్సిన అవసరమే దాదాపుగా రాదు.

కొందరు క్లయింట్లు కంటెంట్ ఆర్డర్ కూడా చదివే వరసలోనే ఉండాలని పట్టుబడతారు. టెక్స్ట్‌ను తెర వెడల్పుకు తగ్గట్టు మళ్లీ పేర్చే రీఫ్లో వ్యూ పూత వరసను వాడుతుంది కాబట్టి వాళ్ల మాటలో కొంత న్యాయం ఉంది. అలా అడిగితే పూత వరస మార్చండి, కానీ బ్యాక్‌గ్రౌండ్లన్నీ లిస్టులో పైన ఉంచి, వాటి తర్వాత మాత్రమే టెక్స్ట్‌ను వరసగా పెట్టండి. ప్రతి కదలికకూ పేజీ వైపు ఒక చూపు వేయండి.

రెండోది, గుండ్రటి ఫొటో. ఇన్‌డిజైన్‌లో ఫొటోను గుండ్రటి ఫ్రేములో పెడితే ఫొటో నిజంగా గుండ్రంగా తెగదు. పీడీఎఫ్‌లోకి చతురస్రంగానే వస్తుంది. దాంతోపాటు ఈ గీత లోపలున్నదే చూపించు అని చెప్పే క్లిప్పింగ్ పాత్ ఒకటి వస్తుంది. రెండూ ఒక కంటెయినర్‌లో కలిసి ఉంటాయి. లోపలి ఇమేజ్‌ను మాత్రమే పట్టుకుని వేరేచోటికి లాగితే కత్తెర అక్కడే ఉండిపోతుంది, బొమ్మ ఒంటరిగా బయటపడుతుంది. డ్రాప్ షాడో నల్లటి పెట్టెగా మారడం కూడా చాలాసార్లు ఇదే బాపతు, నీడను పలచగా చూపించే మాస్క్ నుంచి అది విడిపోయి ఉంటుంది. దీన్ని అక్రోబాట్‌లో బాగుచేయడానికి గంటలు పెట్టకండి. పాత కాపీలోంచి ఆ ఒక్క పేజీని తెచ్చి, రీప్లేస్ పేజెస్‌తో మార్చుకుని, ఆ పేజీ ట్యాగులు మళ్లీ చూసుకోవడమే తొందరగా అయ్యే పని.

తెల్ల గీతల సంగతికొస్తే, ఇందులో మీ తప్పేమీ లేదు. పీడీఎఫ్‌ను 400 శాతానికి జూమ్ చేయండి. ఫొటో పెద్దదవుతున్నా గీత మాత్రం వెంట్రుకంత సన్నగానే ఉంటే అది నిజమైన గీత కాదు, రెండు ముక్కల మధ్య అతుకు. ప్రింటర్లు చాలామంది ఇంకా పీడీఎఫ్ ఎక్స్-1ఏ అనే ప్రింటు ప్రమాణాన్ని అడుగుతారు. ఆ ప్రమాణంలో ట్రాన్స్‌పరెన్సీ, అంటే కింది పొర కనిపించే పలచదనం, ఉండకూడదు. అందుకని ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడే నీడలు, పలచటి రంగులు ఉన్న చోటల్లా పేజీని ముక్కలుగా కోసి చదును చేస్తారు. ఆ ముక్కల అంచులను తెరమీద నునుపు చేసేటప్పుడు మధ్యలో కాగితం తెలుపు లీలగా కనిపిస్తుంది. అక్రోబాట్ ప్రిఫరెన్సెస్‌లో పేజ్ డిస్‌ప్లే కింద స్మూత్ లైన్ ఆర్ట్, స్మూత్ ఇమేజెస్ తీసేసి చూడండి. గీతలు పోతే సందేహం తీరినట్టే. కానీ అది మీ కంప్యూటర్‌కే వైద్యం, చదివేవాళ్ల కంప్యూటర్లో గీతలు అలాగే ఉంటాయి.

ఈ ముక్కలు కంటికే కాదు, చెవికీ ఇబ్బందే. ఒక్క ఫొటో పాతిక ముక్కలైతే, అక్రోబాట్ తనంతట తాను ట్యాగులు పెట్టే ఆటోట్యాగ్ పాతిక ఫిగర్ (బొమ్మ) ట్యాగులు పెట్టొచ్చు. స్క్రీన్ రీడర్ గ్రాఫిక్, గ్రాఫిక్, గ్రాఫిక్ అంటూ పోతుంది. నీడ కింద పడిన టెక్స్ట్ కొన్నిసార్లు అక్షరంగా కాకుండా గీతల బొమ్మగా మారిపోయి ఉంటుంది. అందుకే ప్రింటు ఫైలుతో ఈ పని మొదలుపెట్టకూడదని మొత్తుకునేది. ఇన్‌డిజైన్ ఫైలు నుంచి ట్రాన్స్‌పరెన్సీని అలాగే ఉంచే పద్ధతిలో, అంటే అక్రోబాట్ 5 లేదా ఆపై కంపాటిబిలిటీతో, క్రియేట్ ట్యాగ్డ్ పీడీఎఫ్ టిక్కు పెట్టి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి. గీతలూ పోతాయి, ముక్కలూ పోతాయి. ఇన్‌డిజైన్ ఫైలు లేదంటే ముక్కలన్నిటినీ ఒకే ఫిగర్ ట్యాగులోకి చేర్చి ఒకే ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మను మాటల్లో చెప్పే వివరణ, రాయండి. గీతలు మాత్రం ఉంటాయని క్లయింటుకు ముందే చెప్పేయండి.

ఇన్‌డిజైన్‌లోకి వెళ్లాక కూడా డిజైన్ చెదిరే చోట్లు కొన్ని ఉన్నాయి. అక్కడ లేయర్స్ ప్యానెల్ అంటే పూత వరసే. చదివే వరస కోసం ఫ్రేములను అందులో పైకీ కిందికీ జరపకండి. ఆర్టికల్స్ ప్యానెల్ ఉన్నది అందుకే. ఫ్రేములను చదవాల్సిన వరసలో అందులోకి లాగి, మెనూలో యూజ్ ఫర్ రీడింగ్ ఆర్డర్ ఇన్ ట్యాగ్డ్ పీడీఎఫ్ టిక్కు పెట్టండి. పేజీ రూపం అలాగే ఉంటుంది.

ఫొటోను దాని పేరాకు యాంకర్ చేసేటప్పుడు, అంటే కట్టేసేటప్పుడు, ఫ్రేము పైఅంచున ఉండే చిన్న నీలం గడిని పట్టుకుని టెక్స్ట్‌లోకి లాగితే ఫొటో ఉన్నచోటే ఉంటుంది. షిఫ్ట్ పట్టుకుని లాగితే వరసలోకి దూరిపోయి పేరా మొత్తం విరిగిపోతుంది. ఇంకో మెలిక ఉంది, ఇది తెలియక నేను ఒకప్పుడు చాలాసేపు జుట్టు పీక్కున్నాను. టెక్స్ట్ వ్రాప్ ఉన్న, అంటే అక్షరాలు చుట్టూ తిరిగి వెళ్లే, ఫొటోను యాంకర్ చేస్తే, యాంకర్ ఉన్న లైను తర్వాతి లైన్లకే వ్రాప్ పనిచేస్తుంది. దాంతో పైలైన్లు ఫొటో మీదికి ఎక్కేస్తాయి. యాంకర్‌ను అంతకుముందు పేరా చివరికి జరిపితే సర్దుకుంటుంది.

గ్రూపింగ్ కూడా జాగ్రత్త. ఐకాన్, గుండ్రం, బాణం మూడింటికీ ఒకే ఆల్ట్ టెక్స్ట్ ఇవ్వాలని గ్రూప్ చేస్తారు. గ్రూప్ చేయగానే అవన్నీ వాటిలో అన్నిటికంటే పైనున్నదాని దగ్గరికి చేరిపోతాయి. వాటి మధ్య పొరలో ఉన్న టెక్స్ట్ వెనక్కి పోతుంది. ముందు ఆ టెక్స్ట్‌ను పైకి తెచ్చుకుని తర్వాత గ్రూప్ చేయండి.

రంగు మారిందని, ఫొటోలు మసకబారాయని వచ్చే ఫిర్యాదులకు ట్యాగులతో సంబంధం లేదు. ఇంటరాక్టివ్ పీడీఎఫ్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే రంగులు ఆర్‌జీబీలోకి మారతాయి, ఫొటోల రిజల్యూషన్ కూడా తగ్గుతుంది. కంప్రెషన్ ట్యాబ్‌లో 300 పీపీఐ, హై క్వాలిటీ పెట్టుకోండి. నీడ ఉన్న పేజీ ఒక రంగులో, లేని పేజీ ఇంకో రంగులో కనిపిస్తుంటే ఎడిట్ మెనూలో ట్రాన్స్‌పరెన్సీ బ్లెండ్ స్పేస్‌ను డాక్యుమెంట్ ఆర్‌జీబీకి మార్చి చూడండి.

ఇక మన తెలుగు ముందుమాట. "స్త్రీ" అన్నది కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది ఆరు కోడ్లు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఫాంటులో ఉండే నియమాలు ఈ ఆరింటినీ కలిపి స, దానికింద వత్తులు, పైన గుడి తయారుచేస్తాయి. పీడీఎఫ్‌లోకి వెళ్లేది తయారైన ఆకారాలే. ఆ కలిపే నియమాలు, వాడని ఆకారాలు సాధారణంగా వెళ్లవు. మీరు ఎడిట్ టూల్‌తో ఒక అక్షరం దిద్దగానే అక్రోబాట్ ఆ లైనును మళ్లీ పేర్చాల్సి వస్తుంది, పేర్చడానికి కావాల్సిన సరంజామా అక్కడ ఉండదు. వత్తులు ఊడిపడతాయి. అందుకే పీడీఎఫ్‌లో తెలుగును ఎప్పుడూ దిద్దకండి. అచ్చుతప్పైనా సరే, ఇన్‌డిజైన్‌లోనే దిద్దాలి.

కనిపించేది బాగానే ఉండి చదివేది తప్పుగా ఉంటే మాత్రం పేజీని ముట్టుకోకుండా సరిచేయొచ్చు. ఆ ట్యాగ్ ప్రాపర్టీస్‌లో యాక్చువల్ టెక్స్ట్ అనే గడి ఉంటుంది. సరైన యూనికోడ్ తెలుగు అందులో పేస్ట్ చేయండి. స్క్రీన్ రీడర్ అదే చదువుతుంది, పేజీలో ఏమీ మారదు. ప్రింటు కోసం అవుట్‌లైన్స్ చేసేసిన, అంటే అక్షరాలను గీతల బొమ్మలుగా మార్చేసిన, తెలుగు హెడ్డింగులకు కూడా ఇదే దారి: హెచ్1 ట్యాగులో పెట్టి యాక్చువల్ టెక్స్ట్ ఇవ్వండి. పెద్ద పెద్ద పేరాలకు మాత్రం ఈ పద్ధతి నాకు నచ్చదు. అక్షరం అక్షరం వెనక్కి వెళ్లి వినాలనుకునేవాళ్లకు అది ఇబ్బంది.

మీ ముందుమాట ఏ ఫాంటులో ఉందో చూసుకోండి. కొంత టెక్స్ట్ కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే తెలిసిపోతుంది. అర్థంపర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు వస్తే అది అను లాంటి పాత ఫాంటు. కంటికి తెలుగు, కంప్యూటర్‌కు కాదు. దాన్ని యూనికోడ్‌లోకి మార్చి, మండలి, ఎన్‌టీఆర్, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు లాంటి ఫాంటు పెట్టాలి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్-రెడీ పారాగ్రాఫ్ కంపోజర్ ఎంచుకోకపోతే అక్కడా వత్తులు విడిపోతాయి. ఫాంటు మారాక లైన్లు ఎక్కువో తక్కువో అవుతాయి, పక్క లైను గుడులకు వత్తులు తగులుతాయి. లీడింగ్, అంటే లైన్ల మధ్య ఖాళీ, పెంచి పేజీ మళ్లీ సర్దుకోవాల్సిందే, దీనికి దొడ్డిదారి లేదు. భాష కూడా మర్చిపోకండి. డాక్యుమెంట్ ప్రాపర్టీస్ లిస్టులో తెలుగు కనిపించకపోతే టి, ఇ అనే రెండు ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌ను టైప్ చేయొచ్చు. మీ నివేదిక ఇంగ్లిష్‌లో ఉండి ముందుమాట మాత్రమే తెలుగైతే ఆ భాగం ట్యాగుకే తెలుగు అని ఇవ్వండి.

కొన్ని అసలు గ్లిచ్‌లే కావు. రీడింగ్ ఆర్డర్ టూల్ తెరిచినప్పుడు కనిపించే నంబర్ల గడులు, టేబుల్ ఎడిటర్ రంగులు, ఫారం గడుల లేతనీలం, ఇవన్నీ మీ తెరమీద మాత్రమే ఉంటాయి. లింకుల చుట్టూ నల్ల గడి మాత్రం నిజమైనదే. లింక్ ప్రాపర్టీస్‌లో ఇన్‌విజిబుల్ రెక్టాంగిల్ అని పెడితే పోతుంది.

అంతా అయ్యాక, పీడీఎఫ్ యాక్సెసిబిలిటీని పరీక్షించే పాక్ చెకర్‌లో పచ్చ టిక్కులు చూసి ఫైలు పంపేయకండి. పీడీఎఫ్ యూఏ పరీక్షలకు ఆధారమైన మ్యాటర్‌హార్న్ ప్రోటోకాల్‌లో 136 తప్పుల జాబితా ఉంది, వాటిలో అన్నీ యంత్రం పట్టుకోగలిగేవి కావు. నీలం పట్టీ కింద దాక్కున్న హెడ్డింగ్‌కు ట్యాగు సరిగ్గానే ఉంది కాబట్టి చెకర్ దాన్ని పాస్ చేస్తుంది. చూపులేనివారికి వినిపిస్తుంది. కొద్దిచూపుతో పెద్దది చేసుకుని చదివేవారికి మాత్రం కనిపించదు. కాబట్టి ముందు ఫైలు, తర్వాత ఫైలు రెండిటి పేజీలనూ ఒకే సైజులో పీఎన్‌జీలుగా తీసి, ఫోటోషాప్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టి, పైదాని బ్లెండ్ మోడ్ డిఫరెన్స్ చేయండి. ఒకేలా ఉన్నదంతా నల్లగా అయిపోతుంది. ఎక్కడైనా మెరిస్తే అక్కడ ఏదో కదిలింది. క్రోమ్‌లో కూడా ఒకసారి తెరిచి చూడండి. ఆ తర్వాత ఎన్‌వీడీఏ పెట్టుకుని మొదటి రెండు పేజీలైనా కళ్లు మూసుకుని వినండి.

మీ ఫైలు నా చేతికి వస్తే అక్రోబాట్‌లో చేసినదంతా పక్కన పడేస్తాను. ముందు క్లయింటును అడిగేది ప్యాకేజ్ చేసిన ఇన్‌డిజైన్ ఫోల్డర్, ఫాంట్లతో సహా. అది దొరికితే ఆర్టికల్స్, యాంకర్లు, ఆల్ట్ టెక్స్ట్ అక్కడే పూర్తిచేసి, అక్రోబాట్‌లో టేబుళ్లు, భాష, టైటిల్ మాత్రమే చూసుకుంటాను. ప్రింటు పీడీఎఫ్ తప్ప ఇంకేమీ లేదంటారా, ముందుమాటను కొత్తగా టైప్ చేయడానికీ, గీతలున్న పేజీలకూ విడిగా రేటు చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెడతాను.